పదకొండులో పొలిటికల్ సైన్స్ తీసుకోవచ్చా? ప్రపంచ రాజకీయాలు మన పిల్లలు ఎలా చదవాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది నరసన్నపేట దగ్గర పల్లె. అమ్మాయి సీబీఎస్‌ఈలో పదో తరగతి పూర్తి చేసింది, లెక్కల్లోనూ మంచి మార్కులే వచ్చాయి. కానీ పదకొండులో పొలిటికల్ సైన్స్ తీసుకుంటానని, ప్రపంచ రాజకీయాలు చదవాలని ఉందని పట్టుబట్టింది. ఇంట్లో అందరూ ఎంపీసీయే అంటున్నారు. "రోజూ టీవీలో చూసేదే కదా, దానికి రెండేళ్ల చదువెందుకు? మన ఊళ్లో కూర్చుని అమెరికా, రష్యా సంగతులు చదివి ఏం చేస్తుంది?" అని అడిగారు. ఇంగ్లీషు పుస్తకాలు అర్థమవుతాయా అని కూడా మీకు టెన్షన్‌గా ఉంది.

విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ కలిపి 26 ఏళ్లు సివిక్స్, పొలిటికల్ సైన్స్ చెప్పాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, అమ్మాయికి ఇష్టమైతే చేర్పించండి. ఇది తెలివి తక్కువ పిల్లలు తీసుకునే గ్రూపు అనే మాటను మాత్రం ఇంట్లో ఎవరూ అననివ్వకండి. లెక్కలు బాగా వచ్చే పిల్లకు ఈ సబ్జెక్టు ఇంకా బాగా వస్తుంది, ఎందుకంటే ఇక్కడా మెట్టు మీద మెట్టుగా ఆలోచించాలి.

టీవీలో చూసేదే కదా అన్నారు. అది నిజం కాదని చెప్పడానికి నా తరగతిలో జరిగిన ఒక సంగతి చెబుతాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

2018 నవంబరు చివర్లో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ వాళ్లు సముద్రంలో పట్టుకున్నారు. ఎక్కువ మంది ఎచ్చెర్ల మండలం తీర గ్రామాల వాళ్లు, కొందరు విజయనగరం జిల్లా వాళ్లు. కరాచీ జైల్లో పెట్టారు. 2020 జనవరి 6న 20 మంది వాఘా సరిహద్దు దాటి తిరిగొచ్చారు. టీవీలో మనం చూసింది ఇంతే. తల్లులు ఏడుస్తున్న దృశ్యాలు, తర్వాత పూలదండలు.

ఆ రోజుల్లో నా తరగతిలో తీర గ్రామం నుంచి వచ్చే ఒక అబ్బాయి ఉండేవాడు. వాళ్ల మేనమామ ఏటా ఆగస్టులో వెరావల్ వెళ్లి బోటెక్కేవాడు. "మన వాళ్లు గీత దాటారా, లేదా?" అని క్లాసులో ఎవరో అడిగారు. ఈ అబ్బాయి లేచాడు. "గీత ఎక్కడుంది సార్? జీపీఎస్ ఒక్క తండేలు దగ్గరే ఉంటాది. వల వేశాక నీటివాలుకి బోటు దానంతటదే జరిగిపోతాది. రాత్రి పూట నీళ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి" అన్నాడు. తండేలు అంటే బోటును నడిపించే పెద్ద.

నేను బోర్డు మీద తీరం గీసి, సుద్దముక్కతో గీతలు వేశాను. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, ఆ దేశపు ప్రాదేశిక జలాలు. అక్కడ దాదాపు నేల మీద ఉన్నంత అధికారం ఆ దేశానికే ఉంటుంది. 200 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 370 కిలోమీటర్లు, ప్రత్యేక ఆర్థిక మండలం. అక్కడ ఎవరి ఓడలైనా తిరగొచ్చు, కానీ చేపలూ చమురూ తీసుకునే హక్కు ఆ దేశానిదే. ఇదంతా 1982 నాటి ఐక్యరాజ్య సమితి సముద్ర చట్టం ఒప్పందంలో ఉంది. భారత్, పాకిస్తాన్ రెండూ దానికి ఒప్పుకున్నవే.

మరి రెండు దేశాలూ పక్కపక్కనే ఉంటే వాటి మధ్య గీత ఎక్కడ పడాలి? అసలు చిక్కంతా అక్కడే. కచ్ఛ్‌కూ సింధ్‌కూ మధ్య సర్ క్రీక్ అని 96 కిలోమీటర్ల ఉప్పునీటి పాయ ఉంది. గీత పాయ నడిమధ్యన పోవాలని భారత్ అంటుంది. తూర్పు గట్టు దాకా తమదేనని, 1914లో కుదిరిన ఒప్పందం అలాగే చెబుతోందని పాకిస్తాన్ అంటుంది. పాయ సముద్రంలో కలిసే చోటే తేలకపోతే అక్కడి నుంచి సముద్రంలోకి గీసే గీత కూడా తేలదు. ఇంతవరకూ తేలలేదు. "గీత ఎక్కడుంది సార్?" అన్న ఆ అబ్బాయి ప్రశ్నకు రెండు ప్రభుత్వాల దగ్గరా ఒకే జవాబు లేదు.

అదే ఒప్పందంలో 73వ అధికరణం ఉంది. ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపలవేట నిబంధన తప్పిన వాళ్లను, ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలులో పెట్టకూడదు. పూచీకత్తు తీసుకుని త్వరగా వదిలేయాలి. ఇది చదివి వినిపించేసరికి పిల్లలంతా "అయితే పాకిస్తాన్ తప్పు చేసింది" అన్నారు. ఇంకాస్త ముందుకు వెళ్లాం. మన వాళ్లు పట్టుబడింది ఎవరి నీళ్లలో, తీరానికి ఎంత దూరంలో అనే దానిమీదే వాదన నడుస్తుంది. అనుమతి లేకుండా దేశంలోకి వచ్చారన్న కేసు పెడితే వ్యవహారం చేపల చట్టం దాటి వేరే చట్టంలోకి పోతుంది. పైగా మన దేశం కూడా అక్కడి జాలర్లను పట్టుకుని జైళ్లలో ఉంచుతోంది. ఈ మాట చెప్పగానే క్లాసు ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. కరాచీ వైపు పల్లెల్లో కూడా తల్లులు ఉంటారు కదా అని ఒక అమ్మాయి అంది.

ఇప్పుడు చెప్పండి, ఇదంతా టీవీలో ఎక్కడ వచ్చింది? ఒకే సంఘటన మీద పిల్లలు మూడు ప్రశ్నలు వేయడం నేర్చుకున్నారు. మొదటిది, వీళ్లు అంత దూరం ఎందుకు వెళ్లారు? సుమారు 190 కిలోమీటర్ల తీరం ఉన్న శ్రీకాకుళం జిల్లాలో పెద్ద బోట్లు ఆగే ఫిషింగ్ హార్బర్ లేక, ముందే చేతికొచ్చే అడ్వాన్సు కోసం వెళ్లారు. రెండోది, రెండు రాజ్యాలూ ఎందుకు ఒప్పుకోవు? పాయ దగ్గర ఒక్క అడుగు వదిలితే సముద్రంలో చాలా విస్తీర్ణం పోతుంది. మూడోది, ఒప్పందం ఉన్నా అమలు చేయించే వాళ్లు ఎవరు? మనుషులు, రాజ్యాలు, రాజ్యాలన్నీ కలిసిన ప్రపంచ వ్యవస్థ అని మూడు స్థాయుల్లో ఆలోచించమని ఈ సబ్జెక్టు నేర్పుతుంది. ఇది అలవాటైతే ఉక్రెయిన్ గురించి చదివినా, గాజా గురించి చదివినా పిల్ల ఎక్కడ మొదలుపెట్టాలో తడుముకోదు.

మూడో ప్రశ్న దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఈ శాస్త్రానికి పునాది అదే. మన వంశధార సంగతే తీసుకోండి. నీళ్ల పంపకం మీద ఒడిశాకూ మనకూ తగాదా వచ్చింది. కేంద్రం 2010లో ట్రిబ్యునల్ వేసింది, 2017లో తీర్పొచ్చింది, నేరడి బ్యారేజీకి దారి ఇచ్చింది. ఆ తర్వాతా చిక్కులు తీరలేదు, బ్యారేజీ ఇంకా కట్టలేదు. అయినా ఒక సంగతి గమనించండి. రెండు రాష్ట్రాల పైన పార్లమెంటు ఉంది, సుప్రీంకోర్టు ఉంది. తగాదా ఎంత ముదిరినా ఎవరి గడప తొక్కాలో ఇద్దరికీ తెలుసు. ఇక సింధూ నదికి రండి. 1960లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఒప్పందం కుదిరింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత భారత్ దాన్ని నిలుపుదలలో పెట్టింది. జూన్‌లో హేగ్‌లోని మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఒక నిర్ణయం చెబితే, ఆ న్యాయస్థానం ఏర్పాటునే మేం గుర్తించడం లేదని భారత్ చెప్పింది. ఊళ్లో గట్టు తగాదా వస్తే పెద్దమనుషులు ఉంటారు, వాళ్ల మాట కాదంటే కోర్టు ఉంటుంది. దేశాలకు అలాంటి పైపెద్ద లేడు. పుస్తకాల్లో దీన్నే అరాజకత్వం అంటారు. అల్లర్లు, దోపిడీలు అనే అర్థంలో కాదు, దేశాల పైన అధికారం చేసేవాడు లేడనే అర్థంలో. ఈ ఒక్క మాట సరిగ్గా అర్థం కాక ఎంతో మంది పిల్లలు పరీక్షలో పక్కదారి పడతారు.

పైపెద్ద లేనప్పుడు ఎవరి బలం వాళ్లు చూసుకోక తప్పదనే వాళ్లు వాస్తవికవాదులు. పెద్ద లేకపోయినా పనులు కలిసి చేసుకోవడం రాజ్యాలు నేర్చుకున్నాయి, నిబంధనలకు విలువుంది అనే వాళ్లు ఉదారవాదులు. పిల్లలు ఈ రెండు నిర్వచనాలూ బట్టీ పట్టి అక్కడితో వదిలేస్తారు. నేను వాళ్ల చేత ఒక పోలిక చేయించేవాణ్ని.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస వైపు తీరం దాటిన తిత్లీ తుపాను మన జిల్లాలో ఎవరికీ మరపు రాదు. ఉద్దానం కొబ్బరి తోటలు నేలకూలాయి, జీడితోటలు పోయాయి. ఆ పేరు పెట్టింది ఎవరో తెలుసా? పాకిస్తాన్. హిందూ మహాసముద్రపు ఉత్తర భాగంలో పుట్టే తుపానులకు పేర్లు పెట్టడానికి భారత్, బంగ్లాదేశ్, మాల్దీవులు, మయన్మార్, ఒమన్, పాకిస్తాన్, శ్రీలంక, థాయిలాండ్ కలిసి ముందే జాబితా రాసుకున్నాయి. ఒక్కో దేశం 8 పేర్లు, మొత్తం 64. 2004 నుంచి వరుసగా వాడుతూ వచ్చారు. హుద్‌హుద్ ఒమన్ ఇచ్చిన పేరు, ఫైలిన్ థాయిలాండ్‌ది. ఇప్పుడు ఆ బృందంలో 13 దేశాలున్నాయి.

అంటే అక్టోబరులో పాకిస్తాన్ ఇచ్చిన పేరుతో భారత వాతావరణ శాఖ మనల్ని హెచ్చరించింది. నవంబరులో అదే పాకిస్తాన్ మన జాలర్లను పట్టుకుంది. ఈ రెండూ ఎలా కుదురుతాయి? వాస్తవికవాదం దేన్ని బాగా వివరిస్తుంది, ఉదారవాదం దేన్ని? ఈ ప్రశ్న మీద పిల్లలు పీరియడంతా వాదించుకునేవారు. దీనికి ఇంకో ముడి కూడా ఉంది. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్లలో ఉన్న అవతలి దేశస్థుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. 1992 నుంచి ప్రతి జనవరి 1న అణు కేంద్రాల జాబితాలు కూడా మార్చుకుంటాయి. 2025 మే నెలలో క్షిపణులు వేసుకున్నాక కూడా జూలై 1న ఖైదీల జాబితాలు మారాయి. శత్రువులు కూడా కొన్ని నిబంధనలు తప్పరు. ఎందుకు తప్పరో ఆలోచించిన పిల్లకు అంతర్జాతీయ సంబంధాలు అర్థమైనట్టే.

కొవ్వాడ గురించి కూడా చెప్పాలి, నాకు ఇది చాలా దగ్గరి విషయం. రణస్థలం మండలంలోని ఆ తీరపల్లెలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల అణు విద్యుత్ రియాక్టర్లు ఆరు పెడతామన్నారు. భూసేకరణ, నష్టపరిహారం, వలస, ఇవన్నీ మనం స్థానిక పేజీల్లో చదివాం. కానీ దాని వెనక దారం పట్టుకుని లాగితే 1974లో పోఖ్రాన్ దాకా పోతుంది. ఆ అణుపరీక్ష తర్వాతే అణు సరఫరాదారుల బృందం పుట్టి మనకు సామగ్రి అందకుండా చేసింది. 2008లో అమెరికాతో పౌర అణు ఒప్పందం కోసం కేంద్ర ప్రభుత్వం విశ్వాస పరీక్ష ఎదుర్కొంది, సెప్టెంబరులో ఆ బృందం మినహాయింపు ఇచ్చింది. ప్రమాదం జరిగితే యంత్రాలు అమ్మిన కంపెనీ నుంచి కూడా పరిహారం రాబట్టుకునే వీలు 2010 చట్టంలో పెట్టారు. ఆ చర్చ జరిగినప్పుడు అందరి మనసులోనూ 1984 భోపాల్ గ్యాస్ దుర్ఘటన ఉంది. విదేశీ కంపెనీలకు అది నచ్చలేదు. 2016లో గుజరాత్‌లో పెట్టాల్సిన అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లను కొవ్వాడకు మార్చారు. 2017 మార్చిలో ఆ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. 2025 డిసెంబరులో పాత బాధ్యత చట్టం స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. రియాక్టర్ మాత్రం ఇంకా లేవలేదు. పెన్సిల్వేనియాలో ఒక కంపెనీ లెక్కలు తలకిందులైతే రణస్థలంలో ఒక రైతు తన పొలంలో బోరు వేసుకోవాలో వద్దో తేల్చుకోలేక ఏళ్లు గడిపాడు. "మన ఊళ్లో కూర్చుని అమెరికా సంగతులు ఎందుకు" అని మీరు అడిగారు కాబట్టి ఇంత వివరంగా చెప్పాను.

కొటియా గ్రామాలు కూడా ఇలాగే పనికొస్తాయి. మొన్నటిదాకా విజయనగరం జిల్లాలో, ఇప్పుడు పార్వతీపురం మన్యంలో ఉన్న సాలూరు అవతలి కొండపల్లెలు. ఆంధ్రా మాదంటుంది, ఒడిశా మాదంటుంది. ఇద్దరూ బడులు కట్టారు, ఇద్దరూ రేషన్ ఇచ్చారు, చాలా మంది దగ్గర రెండు కార్డులున్నాయి. అధికారం ఎవరిది, దానికి జనం సమ్మతి ఎక్కడి నుంచి వస్తుంది అనే ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. రెండు రాష్ట్రాల మధ్య తగాదాను సార్వభౌమాధికారం, అంటే దేశానికి మాత్రమే ఉండే తుది అధికారం, మీద తగాదా అనకూడదు, అది గుర్తుంచుకోవాలి. ఆ తేడా రాసిన పిల్లలకు నేను ఒక మార్కు ఎక్కువ వేసేవాణ్ని.

ఇక మీకు కావాల్సిన సిలబస్ సంగతులు. సీబీఎస్‌ఈలో పొలిటికల్ సైన్స్ రాతపరీక్ష 80 మార్కులకు, ప్రాజెక్టు 20కి. పదకొండులో భారత రాజ్యాంగం, రాజనీతి సిద్ధాంతం. అమ్మాయి ఎదురుచూస్తున్న ప్రపంచ రాజకీయాలు పన్నెండులో వస్తాయి, సగం పేపరు. మిగతా సగం స్వాతంత్ర్యం తర్వాత భారత రాజకీయాలు. ఈ సంగతి ముందే చెప్పండి. పదకొండులో స్వేచ్ఛ, సమానత్వం, న్యాయం, హక్కులు అంటూ సిద్ధాంతం నడుస్తుంటే "నేను చదవాలనుకున్నది ఇది కాదు" అని నీరసపడే పిల్లలు చాలా మంది ఉన్నారు. అది గట్టిగా చదివితేనే పన్నెండులో శరణార్థుల గురించి, మానవ హక్కుల గురించి రాసేటప్పుడు మాటకు బలం వస్తుంది.

పన్నెండు పుస్తకంలో సోవియట్ యూనియన్ పతనం, కొత్త అధికార కేంద్రాలు, దక్షిణాసియా, అంతర్జాతీయ సంస్థలు, భద్రత, పర్యావరణం, ప్రపంచీకరణ ఉంటాయి. కొన్నేళ్ల కిందట సిలబస్ తగ్గించినప్పుడు ప్రచ్ఛన్న యుద్ధం, అమెరికా ఆధిపత్యం మీద ఉన్న రెండు పాఠాలు తీసేశారు. నాకు అది తప్పనే అనిపిస్తుంది. 1962లో క్యూబా క్షిపణుల సంక్షోభం తెలియని పిల్ల 1991లో సోవియట్ పతనం పాఠం చదివితే సగం కథ నుంచి సినిమా చూసినట్టే ఉంటుంది. పాత పుస్తకం ఎవరి దగ్గరైనా దొరికితే ఆ రెండు పాఠాలూ వేసవిలో చదివించండి. పరీక్షలో రాకపోయినా ఫర్వాలేదు.

రాష్ట్ర బోర్డు ఇంటర్మీడియట్‌లో సీఈసీ, హెచ్‌ఈసీ గ్రూపుల్లో సివిక్స్ ఉంటుంది. నేను చెప్పిన రోజుల్లో దాని బరువు ఎక్కువగా రాజ్యాంగం, ప్రభుత్వం మీదే ఉండేది. ప్రపంచ రాజకీయాలే కావాలంటే సీబీఎస్‌ఈ మంచిది. ఒక జాగ్రత్త, స్కూలు పేపరు మీద హ్యుమానిటీస్ ఉందని చెప్పినంత మాత్రాన చేర్చేయకండి. ఆ సబ్జెక్టుకు ప్రత్యేకంగా టీచరు ఉన్నారా, గత ఏడాది ఎంతమంది చదివారు అని అడగండి. నాకు తెలిసిన ఒక స్కూల్లో ఆరుగురు పిల్లలను చేర్చుకుని, అర్ధసంవత్సరం దాకా గైడు చేతికిచ్చి కూర్చోబెట్టారు. వాళ్లలో ఇద్దరు ఆదివారాలు మా ఇంటికి వచ్చి చదువుకున్నారు.

ఉద్యోగం మాట దాచకుండా చెబుతాను. ఈ సబ్జెక్టు ఒక్కటే చదివితే పన్నెండు కాగానే ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. దీని తర్వాత డిగ్రీ, పీజీ, లేదా లా ఉండాలి. సెంట్రల్ యూనివర్సిటీలకు 2022 నుంచి సీయూఈటీ రాయాలి, అందులో పొలిటికల్ సైన్స్ ఒక సబ్జెక్టు, తెలుగులోనూ రాయొచ్చు. ఢిల్లీ జేఎన్‌యూలో అంతర్జాతీయ అధ్యయనాలకే ఒక స్కూలు ఉంది. సివిల్స్ మెయిన్స్ రెండో జనరల్ స్టడీస్ పేపర్లో అంతర్జాతీయ సంబంధాలు ఉన్నాయి, విదేశాంగ సర్వీసుకు దారి కూడా ఆ పరీక్షే. జర్నలిజం, న్యాయం, టీచింగ్, స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి. లెక్కలు ఇష్టమైతే స్కూలు ఒప్పుకున్నచోట పొలిటికల్ సైన్స్‌తో పాటు ఎకనామిక్స్, మ్యాథ్స్ తీసుకోమనండి. మీ ఇంట్లో రెండు పక్షాలకూ ఊరట.

ఇక నుంచి రాసేది అమ్మాయికి. ఆమెకు చూపించండి.

అమ్మా, ఒక పొడవాటి నోటు పుస్తకం కొనుక్కో. ప్రతి పేజీని మూడు భాగాలు చెయ్యి. మొదటి భాగంలో ఏం జరిగిందో రెండు వాక్యాల్లో రాయి. రెండో దాంట్లో ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారు, ఏ అధికారంతో అని రాయి. మూడో దాంట్లో అది మన జిల్లాలో ఎవరిని తాకుతుందో రాయి. ఉదాహరణకు 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచింది. అందులో సగం మనం రష్యా నుంచి చమురు కొంటున్నందుకు. నిర్ణయం అమెరికా అధ్యక్షుడిది, అత్యవసర అధికారాల చట్టం కింద. మూడో భాగం నింపాలంటే నువ్వు ఒక రొయ్యల చెరువు దగ్గరకు వెళ్లి, కౌంటు రేటు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్కన ఇచ్చే ధర, ఎలా మారిందో అడగాలి. అలా అడిగి రాసిన పేజీ నువ్వు మరచిపోవు. రోజుకొకటి అక్కర్లేదు, వారానికి రెండు చాలు. సాయంత్రం పూట టీవీలో అరుచుకునే చర్చలు చూడకు. అవి చూసిన పిల్లల జవాబుల్లో ఆవేశం ఎక్కువ, ఆధారం తక్కువ.

హిందూ మహాసముద్రం మ్యాపు చూడకుండా చేత్తో గీయడం నేర్చుకో. హోర్ముజ్, బాబ్ ఎల్ మండెబ్, మలక్కా, ఈ మూడు ఇరుకు దారులూ అందులో గుర్తించగలగాలి. మనం దిగుమతి చేసుకునే వంటగ్యాస్‌లో ఎక్కువ భాగం హోర్ముజ్ దాటే వస్తుంది. మీ వంటింట్లో సిలిండర్‌కూ ఇరాన్ తీరానికీ ఉన్న దూరం ఆ మ్యాపులో నీకు కనిపించాలి.

జవాబు రాయడం గురించి ఒక్కటే చెబుతాను, కానీ ఇది ముఖ్యం. "ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిని సంస్కరించాలా?" అని ప్రశ్న వస్తే మన పిల్లల్లో పదికి తొమ్మిది మంది "భారత్ అతిపెద్ద ప్రజాస్వామ్యం, కాబట్టి శాశ్వత సభ్యత్వం ఇవ్వాలి" అని రాసి ఆపేస్తారు. నాకూ ఇవ్వాలనే ఉంది. కానీ అది కోరిక. జవాబు ఇలా నడవాలి. 1945లో సమితిలో 51 దేశాలు, ఇప్పుడు 193. మండలి 11 నుంచి 1965లో 15కు పెరిగింది, వీటో, అంటే తీర్మానాన్ని ఒక్కరే అడ్డుకునే హక్కు, ఉన్న ఐదు దేశాలు మాత్రం మారలేదు. కాబట్టి మార్పు అడగడంలో న్యాయం ఉంది. అయితే సమితి మూల ఒప్పందమైన చార్టర్ మార్చాలంటే మూడింట రెండొంతుల సభ్యులతో పాటు ఆ ఐదు దేశాలూ ఆమోదించాలి. చైనా ఒప్పుకోవాలి. జపాన్, జర్మనీ, బ్రెజిల్‌తో కలిసి మనం అడుగుతుంటే, ఇటలీ, పాకిస్తాన్, దక్షిణ కొరియా లాంటివి కొత్త శాశ్వత సీట్లే వద్దంటున్నాయి. వాళ్ల వాదన ఏమిటో నిజాయితీగా రెండు వాక్యాలు రాయి. కొత్తగా నలుగురికి శాశ్వత హోదా ఇస్తే మిగతా వాళ్లకు ఎప్పటికీ తలుపు మూసినట్టేనని వాళ్ల భయం. అది రాసిన తర్వాత నీ అభిప్రాయం చెప్పు. అవతలి పక్షం వాదన వాళ్లు ఒప్పుకునేంత సరిగ్గా చెప్పగలిగితేనే నీ మాటకు విలువ. నా క్లాసులో భారత్ పక్షం వాదించాలనుకున్న పిల్లకు కావాలని పాకిస్తాన్ పక్షం ఇచ్చేవాణ్ని. మొదట్లో ఏడుపు మొహం పెట్టేవాళ్లు. తర్వాత వాళ్లే బాగా రాసేవాళ్లు.

ఇంగ్లీషు గురించి భయపడకు. ముందు తెలుగులో ఆలోచించు. సార్వభౌమాధికారం, ఆధిపత్యం, అలీన విధానం, అధికార సమతౌల్యం, ఈ మాటలు మీ అమ్మకు అర్థమయ్యేలా ఇంట్లో చెప్పి చూడు. అమ్మకు చెప్పగలిగితే ఇంగ్లీషులో రాయడం రెండు నెలల సాధన. చెప్పలేకపోతే ఇంగ్లీషు ఎంత వచ్చినా అది బట్టీయే.

చేరే లోపు ఈ వేసవిలో ఒక పని చెయ్యి. మీ ఊళ్లో ఎనభై దాటిన వాళ్లను వెతుకు. వాళ్ల తండ్రులో తాతలో "రంగం వెళ్లారు" అనే మాట వాళ్ల నోట వింటావు. రంగం అంటే రంగూన్. మన జిల్లాల నుంచి వేలమంది అక్కడి ఓడరేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనికి వెళ్లారు. 1942 మార్చిలో జపాన్ సైన్యం రంగూన్ పట్టుకున్నప్పుడు ఎంతోమంది అడవుల గుండా నడిచి ఇండియా చేరారు. 1937 దాకా బర్మా మన దేశంతో కలిసే ఉండేది. అంటే వెళ్లేటప్పుడు సరిహద్దు లేదు, వచ్చేటప్పుడు ఉంది. మీ ఊరి నుంచి ఎవరు వెళ్లారు, ఎలా తిరిగొచ్చారు, రాని వాళ్లు ఏమయ్యారు అని అడిగి నాలుగు పేజీలు రాయి. ఏది విన్నావో, ఏది పుస్తకంలో చూసి నిర్ధారించుకున్నావో వేరువేరుగా గుర్తు పెట్టు. రాశాక నాన్నగారి ద్వారా నాకు పంపు, ఎర్రపెన్నుతో దిద్ది తిరిగి పంపుతాను.